ఓడలో ఫోటోల ప్యాకేజీ: మేం కొన్నవీ, వదిలేసినవీ

ఓడ టికెట్లు బుక్ చేసిన కొన్నాళ్లకే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వాళ్ల ఫోటోగ్రాఫర్లు తీసే ఫోటోలన్నీ ఒకే ధరకి ఇచ్చే ప్యాకేజీ ముందే కొంటే ఓడలో ధర కన్నా తక్కువకి వస్తుందని. తమ్ముడు వెంటనే కొనేద్దామన్నాడు. నాయన ససేమిరా అన్నాడు. "యాలమ్మా అంత దుడ్డు? అందరి చేతుల్లో ఫోన్లు లేవా? దాంతో చీనీ తోటకి డ్రిప్పు పైపులు మార్చుకోవచ్చు" అని. ఏర్పాట్లన్నీ నేనే చూస్తున్నా కాబట్టి తేల్చే పనీ నామీదే పడింది. ఇదే టెన్షన్‌లో ఉన్నవాళ్లకి పనికొస్తుందని మేం ఎట్లా తేల్చుకున్నామో రాస్తున్నాను.

మాది కడప. చెన్నైలో ఎక్కి, సముద్రం మీద తిరిగి, మళ్లీ చెన్నైలోనే దిగే చిన్న ట్రిప్పు తీసుకున్నాం. శ్రీలంక వెళ్లేదయితే పాస్‌పోర్టు కావాలి, మా జేజికి, అంటే నాయనమ్మకి, లేదు. ఆమె రాకపోతే ఈ ప్రయాణమే వద్దనుకున్నాం.

ఫోటోల విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం కూడా ఆమే. జేజినాయన పోయినప్పుడు గోడకి పెట్టడానికి ఒక్క మంచి ఫోటో దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో గుంపుగా దిగిన దాంట్లోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేయించాం. పక్కనున్నాయన చెయ్యి ఆయన భుజం మీద ఉంటే స్టూడియో అతను దాన్ని చెరిపేసి చొక్కా గీశాడు. ఇప్పటికీ పటంలో ఆ భుజం ఒక పక్కకి వాలినట్టే ఉంటుంది. జేజికి అట్లా కాకూడదు. ఆమె ఒక్కతే ఉన్న ఫోటో అంటే ఆధార్ కార్డులోదే. కడపలో స్టూడియోకి పోదాం రమ్మని ఎన్నోసార్లు పిలిచాను. "బతికుండంగానే పటం కట్టిస్తావా?" అని కసురుకుంటుంది. మనవళ్లు, మనవరాళ్లు అందరూ చుట్టూ ఉండే ఓడలో అయితే ఒప్పుకుంటుందని నా ఆశ.

అయినా ప్యాకేజీ ముందుగా కొనలేదు. ఓడ ఎక్కాక వద్దనుకుంటే డబ్బు తిరిగి రాదని షరతుల్లో ఉంది. ఎట్లా వస్తాయో తెలియని ఫోటోలకి ముందే డబ్బు కట్టడం నాకు నచ్చలేదు. తగ్గింపు పోతే పోయింది.

ఓడ ఎక్కేచోటే ఫోటోగ్రాఫర్లు నిలబడి ఉంటారు. తెరచాప బొమ్మ ముందు అందరినీ ఆపుతారు. అక్కడ ఆగి తీరాలన్న రూలేమీ లేదు. రాత్రంతా రైల్లో వచ్చి జేజి అలిసిపోయింది, వద్దని చెప్తే దారిచ్చారు. తీయించుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, కొంటేనే కట్టాలి. భోజనాల హాల్లో, డెక్కు మీద, స్టూడియోలో అంతటా ఇదే పద్ధతి. ఈ సంగతి తెలిశాక నాయన కూడా కాస్త కుదుటపడ్డాడు.

గది సర్దుకున్న వెంటనే, తీసిన ఫోటోలు చూపించి అమ్మే గ్యాలరీ కౌంటర్‌కి వెళ్లాను. ప్యాకేజీ ధరని ఒక్క ఫోటో ధరతో భాగిస్తే ఏడు వచ్చింది. అంటే ఏడుకి మించి ఫోటోలు నిజంగా కావాలనుకుంటేనే ప్యాకేజీ గిట్టుబాటు. ఒక్కదాని రేటు అంత ఎక్కువ పెట్టడం వల్లే ప్యాకేజీ చౌకగా కనబడుతుంది. "మొత్తం ఎన్ని ఫోటోలు వస్తాయి" అని చూస్తే ఎవరైనా ప్యాకేజీయే కొంటారు. గోడకి పెట్టేవీ ఆల్బమ్‌లో అతికించేవీ ఎన్ని అని చూడాలి.

కౌంటర్లో ఇంకో ముఖ్యమైన సంగతి తెలిసింది. ప్యాకేజీ గదికి ఒకటి. ఫోటో తీసేముందు మన గది కార్డు స్కాన్ చేస్తారు, ఆ ఫోటో ఆ గది ఖాతాలోకి పోతుంది. మావి మూడు గదులు. ఒక గదికి ప్యాకేజీ కొంటే మిగతా రెండు గదుల కార్డులతో తీసినవి అందులోకి రావు. అందుకని ఇంట్లో అందరికీ చెప్పాను, ఎవరు దిగినా నా కార్డే ఇవ్వమని. పెద్ద కుటుంబంతో వెళ్లేవాళ్లు మొదటిరోజే అడగాల్సింది ఇదే.

మా ఫోన్లతో తీసినవాటికీ వాళ్లు తీసినవాటికీ తేడా ఏమిటో కూడా గమనించాను. సాయంత్రం వెలుతురు మొహం మీద పడేలా డెక్కు మీద నిలబడితే ఫోన్ ఫోటోలు చక్కగా వచ్చాయి, వాటికోసం వాళ్లకి డబ్బివ్వడం దండగ. రాత్రి భోజనాల హాల్లో మాత్రం పసుపు లైట్లు, కుదురుగా నిలబడని పిల్లలు. మా ఫోన్లలో అన్నీ మసకే. వాళ్ల ఫ్లాషు కింద మరదలి చీర అంచు, పిల్లల కళ్లు అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

స్టూడియో సంగతి వేరే. జేజిని మంచి చీర కట్టుకోమని చెప్పి, అందరం పోతున్నామని తీసుకెళ్లాం. వెనక నల్ల గుడ్డ, పక్కన గొడుగు లైటు. స్టూలు మీద కూర్చోబెడితే కొంగు భుజాల నిండా కప్పుకుని బిగుసుకుపోయింది. ఫోటోగ్రాఫర్ కుర్రాడు హిందీలో నవ్వమంటాడు, ఆమెకి అర్థం కాదు. పళ్లు లేవని నోరు తెరవదు. నాయన వెనకాల నిలబడి, "మ్మా, పుష్పగిరి తిర్నాలలో నేను తప్పిపోయినప్పుడు నన్నెట్లా కొట్టినావో చెప్పు" అన్నాడు. జేజి తల పక్కకి తిప్పి, "నువ్వు యాడికి పోయినావ్ రా, బెల్లం జిలేబీ కాడ నిలబడి" అని మొదలుపెట్టింది. ఆ కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ క్షణాన్ని వదల్లేదు. అతని పనితనానికి నేను నిజంగా దండం పెడతాను. నాయన చేతి మీద చెయ్యి వేసి, ముడతలు పడ్డ వేళ్లకి పాత ఉంగరంతో, సగం తిట్టు సగం నవ్వుతో ఉన్న జేజి. ఆ ఫోటో ఎంతయినా కొనాల్సిందేనని అప్పుడే అనుకున్నాను.

గ్యాలరీకి చివరి రాత్రి పోతే జనం తోసుకుంటుంటారు, ఆలోచించుకునే వీలుండదు. మేం ముందురోజు మధ్యాహ్నమే పోయి తెర మీద అన్నీ చూసి, అందరం ఒప్పుకున్నవే లెక్కలోకి తీసుకున్నాం. తమ్ముడు తెర మీది ఫోటోని ఫోన్‌తో తీయబోతే ఆపాను. "మన మొహాలే కదా" అన్నాడు. మొహాలు మనవే, ఫోటో వాళ్లది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మనం డబ్బిచ్చి మనకోసం తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారులం మనమే. వాళ్లంతట వాళ్లు తీసి అమ్మకానికి పెట్టినదానికి అది వర్తించదు. అందుకే బయట ప్రింటు వేయించుకోవచ్చా అని కూడా అడిగి, వేయించుకోవచ్చని చెప్పించుకున్నాను.

వడపోస్తే ఐదు మిగిలాయి. జేజి ఒక్కతే ఉన్నది, జేజీ నాయనా, భోజనాల హాల్లో అందరం, పిల్లలది ఒకటి, తమ్ముడూ మరదలూ. మరదలికి ఇంకో రెండు నచ్చాయి గానీ అవి డెక్కు మీదవి, మా ఫోన్లలోనే ఉన్నాయి. ఐదు ఫోటోల చిన్న ప్యాకు ఉందా అని అడిగితే, బోర్డు మీద లేదు గానీ ఉందన్నారు. విడివిడిగా కొన్నదాని కన్నా తక్కువే పడింది. ఓడలో ప్రింట్లు తీసుకోకుండా ఫైళ్లే తీసుకున్నాను. డబ్బు కట్టేముందు ఫైలు సైజు చూపించమన్నాను. ఇంచికి 300 చుక్కల లెక్కన 12 బై 18 ఇంచుల ప్రింటు కావాలంటే 3600 బై 5400 పిక్సెళ్లు ఉండాలి. అంతకన్నా ఎక్కువే ఉన్నాయి.

ఓడ దిగకముందే డౌన్‌లోడ్ చేసి తమ్ముడి ల్యాప్‌టాప్‌లో, నా పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. జేజీ నాయనా ఉన్నది ఏడు రోడ్ల దగ్గర స్టూడియోలో పెద్ద సైజులో ప్రింటు వేయించాం. ఫ్రేము డబ్బు నాయనే కట్టాడు. చిన్నాయన వాళ్లు అడిగితే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను, మామూలు ఫోటోలా పంపితే సైజు తగ్గిపోతుంది. వాళ్లు ప్రొద్దుటూరులో వేయించుకున్న ప్రింటు కూడా మా దానిలాగే వచ్చింది.