గోడ వారన మట్టి, మధ్య మడి మట్టి

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం పెరట్లో దించిన ఇసుక బస్తాలు. మధ్య మడిలో మట్టి మరీ బంకగా ఉందని, ఇసుక కలిపితే గుల్లబారుతుందని ఎవరో చెప్పగా విని అన్నయ్య సాయంత్రం వాటిని తెప్పించాడు. వద్దన్న నా మాట అతనికి చాదస్తంగా తోచింది. అన్నయ్యతో వాదన ఎప్పటికీ తేలదు కనుక, అక్కడ పూర్తిగా చెప్పలేకపోయిన సంగతిని ఇక్కడ రాసుకుంటున్నాను.

బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. బంకనేలలో కొద్దిపాటి ఇసుక కలిపితే ఆ సన్నని రేణువులు ఇసుక మధ్యనున్న సందులన్నిటినీ పూడ్చివేస్తాయి, తడి ఆరగానే అదంతా ఇటుకలా బిగుసుకుపోతుంది. 10 చదరపు మీటర్ల మడిలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టిని మాత్రమే లెక్కించినా అది 1.5 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2 టన్నుల బరువు. అంత మట్టి స్వభావం మారాలంటే అందులో ఇసుక పాలు సగానికి మించాలి. నాలుగు బస్తాలతో అయ్యే పని కాదు. బంకనేలను గుల్లబరిచేది మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు. వాటిని తినే సూక్ష్మజీవులు విడిచే జిగురే సన్నని రేణువులను చిన్న చిన్న ఉండలుగా కూర్చి, వాటి నడుమ గాలికీ నీటికీ దారి ఇస్తుంది. ఆ మడిలోనే ఎండుటాకులు కప్పి ఉంచిన చివర ఉదయం బొరిగెతో తవ్వి చూశాను. మట్టి పొడిపొడిగా విడిపోయింది, వానపాములు కూడా కనిపించాయి. చాలా సంతోషం కలిగింది.

నన్ను బాధించేది ఇసుక ఒక్కటే కాదు. ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, ఎరువు ఒక పాలు అంటూ కుండీలకు చెప్పే కొలతలను నేలకు కూడా వర్తింపజేస్తారు, నీ నేల ఏ రకమైనదని మాత్రం ఒక్కరూ అడగరు. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు బీటలు వారి వేళ్లను తెంపుతుంది. ఇసుక నేలలో నీరు నిలవదు, నీటితోపాటు నత్రజని కూడా వేళ్లకు అందనంత కిందికి కొట్టుకుపోతుంది కనుక ఎరువును కొద్దికొద్దిగా, పలు దఫాలుగా వేయాలి. ఒకే కొలతలో పోసిన నీరు ఒక నేలలో వేళ్లకు ఊపిరాడనివ్వదు, మరొక నేలలో మధ్యాహ్నానికే ఆరిపోతుంది. ఇది తెలియకుండా ఇచ్చే సలహా ఎంత ఆప్యాయంగా ఇచ్చినా మొక్కకు మేలు చేయదు.

అమ్మమ్మ ఏ మొక్క నాటాలన్నా ముందు మోచేతి లోతు గుంట తీయించేది. రాత్రి దాన్ని నీటితో నింపి, నేల పూర్తిగా తడి పీల్చుకున్నాక, తెల్లవారి మళ్లీ నింపి, గోటితో గాట్లు పెట్టిన పుల్ల ఒకటి అందులో గుచ్చి, ఇంటి పనులు చేసుకుంటూనే మధ్యమధ్యలో వచ్చి ఏ గాటు బయటపడిందో చూసేది. గంటకు 2.5 సెంటీమీటర్లయినా నీరు దిగని చోట వేళ్ల దగ్గర తడి నిలిచిపోక తప్పదని ఇప్పుడు నేను పుస్తకాల్లో చదువుతున్నదాన్ని ఆమె ఆ గాట్లతోనే తేల్చుకునేది. గుంటలోంచి తీసిన మట్టిని తడిపి, పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలాగా సాగదీసేది. అది 2.5 సెంటీమీటర్లు సాగకముందే తెగితే బంక తక్కువ ఉన్నట్టు, 5 దాటినా తెగకుంటే గట్టి బంకనేల అయినట్టు. చివరగా వాసన చూసేది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, బూడిద రంగు మట్టిలో తుప్పు మరకలు కనిపించినా ఆ గుంటను మాట్లాడకుండా పూడ్పించేది. అక్కడ నీరు నిలిచి మట్టికి గాలి అందడం లేదని ఆమెకు అర్థమయ్యేది.

అమ్మమ్మ పద్ధతే చాలు, ప్రయోగశాల నివేదికలు అక్కర్లేదని రాసి ఇక్కడితో ముగించాలనుకున్నాను. పెరడంతటి మట్టినీ ఒకే సంచిలో కలిపి తీసుకెళ్లినవారు పంపిన నివేదిక మీద నాకింకా కోపం ఉంది. ఉదజని సూచిక (pH, 7 దాటితే నేల క్షారమని చెప్పే కొలత) 7.6 అని ఒక్క అంకె ఇచ్చారు. అది ఏ మూలకూ చెందని అంకె. అయితే గోడ వారనున్న నిమ్మచెట్టు నా ఆలోచనను మార్చింది. దాని లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. వదిన నత్రజని లోపమనుకుని యూరియా వేసింది. నత్రజని లోపం ముందుగా ముదురాకుల్లో కనిపిస్తుంది, లేత ఆకుల్లో ఇలా కనిపించేది ఇనుము లోపం. అక్కడి ఎండుమట్టిపై వెనిగర్ చుక్కలు వేయగానే బుసబుస నురగ వచ్చింది. మధ్య మడి మట్టిపై అదే వెనిగర్ చప్పుడు లేకుండా ఇంకిపోయింది. గోడ కట్టినప్పటి సున్నం ఆ వార మట్టిలో కలిసిపోయింది. సున్నం ఉన్న క్షార నేలలో ఇనుము ఉన్నా కరగదు, చెట్టుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (నీటిలో కరిగే ఇనుము లవణం), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులపై పిచికారీ చేస్తే కొంతకాలం ఊరట కలుగుతుంది, కానీ ఆ తర్వాత వచ్చే చిగుళ్లు మళ్లీ పాలిపోతాయి. గంధకం వేసి నేలను మార్చాలన్నా, సున్నం అంతా ఖర్చయ్యేదాకా ఉదజని సూచిక దిగదు.

సున్నం ఉందో లేదో వెనిగర్ చెప్పింది. ఎంత ఉందో, లవణాలు ఏ మేరకు పేరుకున్నాయో, భాస్వరం, పొటాష్ నిల్వలు ఎలా ఉన్నాయో చేతికీ కంటికీ తెలిసే విషయాలు కావు. అందువల్ల ఈసారి రెండు చోట్ల మట్టినీ వేరువేరుగా పంపుతాను. మధ్య మడిలో పైచెత్త తొలగించి, ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంటలు అక్కడక్కడ తీసి, పక్కల నుంచి పలుచగా చెక్కిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలే ఉంచుకుంటూ అర కిలోకు తేవాలి. నిమ్మ వేళ్లు అంతకన్నా లోతుకు పోతాయి కనుక అక్కడ పొరపొరకూ విడిగా తీయాలి. ఎరువు పడిన పాదులోంచి తీస్తే లెక్క తప్పుతుంది, కాబట్టి పాదు అంచు దాటి తవ్వాలి. నివేదిక వచ్చేవరకు నిమ్మకు యూరియా వేయవద్దని వదినతో రేపు పొద్దున్నే చెప్పాలి.