స్వీట్‌వాటర్ ఒడ్డున తీర్చుకున్న మొక్కుబడి

నిరుడు వర్షాకాలంలో నా కుడికాలికి లేచిన షుగరు పుండు మానక, మోకాలి కింది వరకు తీసివేయవలసి రావచ్చునని డాక్టరు గారు చెప్పి సంతకానికి కాగితం ఇచ్చిన రాత్రి, రాజమహేంద్రవరంలోని ఆ ఆసుపత్రి మంచం మీద నాకు గుర్తుకు వచ్చినది నెల్లీ పూసెల్. ఆమె నాకు రక్తసంబంధి కాదు. అయినా కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే లోకులు మోర్మన్లని పిలిచే క్రైస్తవ సంఘంలో చేరిన మావంటి వారు, చేతిబండ్లు లాక్కుంటూ అమెరికా మైదానాలు దాటి యూటా చేరిన ఆ తొలితరం వారిని మా పూర్వీకులనే చెప్పుకుంటాము. నాకు ఆ తరంలో అవ్వ ఎవరని అడిగితే నెల్లీ పేరే చెబుతాను. ఆ రాత్రి, కాలు దక్కితే ఆమె కాళ్లు పోగొట్టుకున్న చోటికి నడిచి వస్తానని ప్రభువుకు మొక్కుకున్నాను. రెండు వేళ్లతో ఆపద గడిచిపోయింది. ఈ జూలైలో యూటాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లి, ఆ మొక్కుబడి తీర్చుకొని వచ్చి ఇంకా పదిరోజులు కాలేదు.

వ్యోమింగ్ రాష్ట్రంలో డెవిల్స్ గేట్ అనే బండల చీలిక పక్కన, స్వీట్‌వాటర్ నది ఒడ్డున ఉన్న మార్టిన్స్ కోవ్ చేరే సరికి పొద్దు బాగా ఎక్కింది. అది దేవాలయం కాదు, గోపురమూ గంటా లేవు. రాతి గుట్టల మధ్య ఒదిగిన ఒక పల్లపు నేల, సేజ్ పొదలు, ఇసుక, మితిమీరిన గాలి, అంతే. ప్రశాంతంగా ప్రార్థించుకుందామని వెళ్లిన నాకు అక్కడ తిరునాళ్లే ఎదురయ్యాయి. పాతకాలపు పొడుగు గౌనులూ, ఎండ టోపీలూ వేసుకున్న కుర్రకారు వందల మంది, యాత్రికులకు అక్కడ ఇచ్చే చేతిబండ్లను కేకలు వేస్తూ లాగుతున్నారు. బండి ఆగిన చోటల్లా ఫోటోలు, దారంతా దుమ్ము. మనుషులు ఆకలితో, చలితో ప్రాణాలు విడిచిన నేల మీద ఈ కేరింతలు ఏమిటని నాకు చాలా చిరాకు కలిగింది. కోడలితో అన్నాను కూడా.

అయినా నడుస్తున్న కొద్దీ నా మనస్సు 1856లోకి జారిపోయింది. ఇంగ్లండులోని టింట్‌విసిల్ గ్రామం నుండి శామ్యూల్, మార్గరెట్ దంపతులు పధ్నాలుగేళ్ల మాగీని, తొమ్మిదేళ్ల నెల్లీని వెంటబెట్టుకొని ఆ మే నెలలో లివర్‌పూల్‌లో హొరైజన్ అనే ఓడ ఎక్కారు. అయోవా సిటీకి చేరే సరికి వారి కోసం బండ్లు సిద్ధంగా లేవు. ఆరని పచ్చి కర్రతో హడావుడిగా చేసిన బండ్లతో, వారు చేరిన మార్టిన్ బృందం జూలై చివర బయలుదేరింది. నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్ మజిలీ దాటేటప్పటికే ఆగస్టు 25వ తేదీ. వారి ముందు వెళ్తున్న విల్లీ బృందంలో లెవీ సావేజ్ అనే ఆయన, ఇంత ఆలస్యంగా బయలుదేరితే ముసలివారూ పిల్లలూ కొండల్లో చనిపోతారని కన్నీళ్లతో హెచ్చరించాడు. నాయకులు ఆయన మాట వినలేదు. విశ్వాసం ఉన్నది కదా అని ఈ తప్పును కప్పిపుచ్చడం నాకు ఇష్టం ఉండదు. వెళ్లక తప్పదని తేలిన తరువాత ఆ సావేజ్ కూడా వారితోనే నడిచాడు. ఆయన విశ్వాసమూ నాకు చిన్నదిగా కనిపించదు.

అక్టోబరు 19న నార్త్ ప్లాట్ నదిని ఆఖరిసారి దాటిన రోజే మంచు కురవడం మొదలైంది. అప్పటికే బరువు తగ్గించుకోవాలని దుప్పట్లూ బట్టలూ పారవేసి ఉన్నారు, పిండి కొలత కూడా తగ్గించారు. జబ్బుపడిన మార్గరెట్‌ను బండిలో ఎక్కించుకొని లాగిన శామ్యూల్, ఒక ఏరు దాటుతూ జారిపడి తడిసి, ఆ చలికి తేరుకోలేక మరణించాడు. అయిదు రోజుల తేడాతో తల్లి కూడా పోయింది. సాల్ట్ లేక్ నుండి అప్పటి మా సంఘ నాయకుడు బ్రిగమ్ యంగ్ పంపిన సహాయకులు వచ్చి, మిగిలిన వారిని నవంబరు 4వ తేదీన ఈ స్వీట్‌వాటర్ దాటించి, గాలి కొంచెం తగ్గే ఈ పల్లంలో అయిదు రోజులు తలదాచుకునేటట్లు చేశారు. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరు పిల్లలూ ఇక్కడ ఏ బండ పక్కన ముడుచుకొని పడుకున్నారో అని నేను ప్రతి గుట్టనూ చూస్తూ నడిచాను.

అలా చూస్తూ నడవడమే నేను చేసిన పొరపాటు. షుగరు కాలికి స్పర్శ ఉండదు. బూటులో ఇసుక చేరిన సంగతి నాకు తెలియలేదు. కోడలు నీళ్ల సీసా కోసం వెనుకకు వెళ్లింది, అబ్బాయి బండి దగ్గర ఉన్నాడు. నా నడక తేడాగా ఉన్నదని గమనించినది, నేను ఎవరిని చూసి విసుక్కున్నానో ఆ గుంపులోని ఒక పదిహేనేళ్ల పిల్ల. నన్ను రాతి మీద కూర్చోబెట్టి, అడిగి, బూటు విప్పింది. రెండు వేళ్లు లేని పాదాన్ని చూసి మొహం తిప్పుకోలేదు. మేజోడు దులిపి, బూటును బోర్లించి ఇసుక రాల్చి, ఆ పైన చేయి లోపలికి పెట్టి మూల మూలా తడిమింది. మొనదేలిన చిన్న రాయి ఒకటి బయటికి వచ్చింది. వాళ్ల తాతగారికి కూడా షుగరేనని, రోజూ ఉదయం ఆయన చెప్పులు తానే తడిమి చూస్తానని చెప్పింది. తన ఏప్రను అంచుతో నా మడమ తుడిచి, మేజోడు ముడతలు లేకుండా తొడిగి, ఎండ టోపీ సర్దుకొని మళ్లీ ఆ కేకల్లోకి పరుగెత్తింది. పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. నేను ఆ రోజు చేయదలచిన ప్రార్థన అక్కడే, ఆ రాతి మీదనే అయిపోయింది.

అక్కడి నుండి చాలా దూరం ప్రయాణించి, రెండు రోజుల తరువాత యూటా దక్షిణాన, నెల్లీ స్థిరపడిన సీడార్ సిటీకి వెళ్లాము. మాగీ కాళ్లు దక్కాయి. నెల్లీ కాళ్లు మాత్రం గడ్డకట్టి చచ్చిపోవడంతో, మత్తు మందు లేకుండా, మాంసం కోసే కత్తితోనూ వడ్రంగి రంపంతోనూ మోకాళ్ల కింద తీసివేశారు. ఆ మొండి కాళ్లు ఎన్నడూ పూర్తిగా మానలేదు. కట్టెకాళ్లు ఒరుసుకొని పుళ్లు పడడంతో ఆమె మోకాళ్ల మీదనే నడిచింది. విలియమ్ అన్‌థాంక్‌కు ఉన్న భార్యలలో ఒకరుగా కాపురానికి వెళ్లింది. ఆ బహుభార్యాత్వం నాకు ఈనాటికీ మింగుడు పడదు, కానీ ఆమె కథ చెప్పేటప్పుడు దాన్ని దాటవేయలేను. ఆరుగురు పిల్లలను పెంచింది. తొట్టి పక్కన మోకరించి ఊరివారి బట్టలు ఉతికింది, మేజోళ్లు అల్లి అమ్మింది. ఒంటిగది ఇంటి మట్టినేలను తడిపి, గీకి, మన పల్లెల్లో అలికిన అరుగులాగా నున్నగా ఉంచేదట. ఉపశమన సమాజం అనే మా సంఘపు మహిళా సమాజంలోని స్త్రీలూ ఇరుగుపొరుగులూ చేసిన సహాయానికి బదులుగా, ఏడాదికొకసారి పిల్లలను వెంటబెట్టుకొని ఆరాధన మందిరానికి వెళ్లేది. మగపిల్లలు నీళ్లు మోసేవారు, ఆడపిల్లలు కిటికీలు కడిగేవారు. నేల అంతా ఆమె మోకాళ్ల మీద ప్రాకుతూ రుద్దేది. 1915లో ఆ ఊరిలోనే కన్నుమూసింది.

అక్కడి విశ్వవిద్యాలయ ఆవరణలో 1991లో నిలిపిన ఆమె కంచు బొమ్మ ఉన్నది. శిల్పి ఆమెను చిన్నపిల్లగా, రెండు కాళ్లతో మలిచాడు. మేము విగ్రహాలకు మ్రొక్కేవారము కాము. అయినా వంగి ఆ కంచు కాలిని ముట్టుకున్నాను. మధ్యాహ్నపు ఎండకు అది కాలిపోతూ ఉన్నది, చేయి వెంటనే వెనుకకు తీసుకున్నాను. అబ్బాయి నవ్వాడు, నేనూ నవ్వాను.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత, శనివారం మందిరం శుభ్రం చేసేవారి జాబితాలో నా పేరు వ్రాయమని బిషప్ గారిని అడిగాను. కాలు చూసుకొని కిటికీలు తుడిస్తే చాలునని ఆయన అన్నారు. మోకాళ్లకు ఏ ఇబ్బందీ లేదని చెప్పి, నేల పని అడిగి తీసుకున్నాను.