నీళ్లలో నిలబడ్డ చెట్లు

సంక్రాంతి సెలవులకు బెజవాడ నుంచి గుంటూరు వెళ్లి, మా మేనత్తను వెంటబెట్టుకుని పక్షుల్ని చూడ్డానికి ఆటోలో ఉప్పలపాడు బయల్దేరాను. ఊరు గుంటూరుకు 8 కిలోమీటర్లుంటుంది. దారిలో ఒక కాలువ నిండా గుర్రపుడెక్క. అత్తయ్య ఆటో ఆపించి గట్టు దిగింది. ఒక మొక్క లాగి, ఉబ్బిన కాడను వేళ్ల మధ్య నొక్కింది. టప్‌మంది. "బడికి పోతా ఇయ్యే పేల్చుకునేవాళ్లం రా" అంది. చీల్చి చూస్తే లోపలంతా బెండులా సన్నటి గదులు, వాటి నిండా గాలి. ఆ గాలే మొక్కను తేలుస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలువల గొంతు పట్టుకుంది. ఊదాపూలు ఎంత బావున్నా నాకు దానిమీద కోపమే.

ఉప్పలపాడు చెరువు పెద్దదేం కాదు, ఊరిని ఆనుకునే ఉంది. గట్టెక్కుతుంటే ముందు వాసన, ఆ తర్వాత గోల. నీళ్లలో నిలబడ్డ తుమ్మచెట్ల మీద ఆకు కనపడకుండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు. రెట్టలతో కొమ్మలు సున్నం కొట్టినట్టున్నాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతారు. వాటిమీదా గూళ్లే.

"ఇంత చెరువులో ఇన్నిటికి చేపలెక్కడివి అత్తా?"

"తిండికి కాదు అబ్బాయ్, పురిటికొచ్చినయ్."

నిజమే. మేతకు వేరే చెరువులకు ఎగిరిపోయి వస్తాయి. ఇక్కడ వాటికి కావాల్సింది చెట్టు చుట్టూ నీళ్లు. పిల్లీ కుక్కా గూటిదాకా రాలేవు. చెరువు ఎండిందా, చెట్లుండీ ఆ కాపలా పోయినట్టే.

దగ్గర్లోని గూట్లో ఒక గూడబాతు నోరు తెరిచింది. పిల్ల మెడదాకా తలను అందులోకి దూర్చేసింది. మింగేసిందేమోనని గుండె ఆగినంత పనైంది. ముక్కు కింది సంచిలో చేపలు దాచుకుంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది సంచి కాదు, వల. నీళ్లతో సహా చేపను ఎత్తి, నీళ్లు వదిలేసి మింగుతుంది. పిల్లకు పెట్టేది కడుపులోంచి తిరిగి కక్కినదే.

పొద్దు వాలుతుంటే ఎర్రకాళ్ల కొంగొకటి ముక్కున పుల్లతో వచ్చి స్టాండు మీద వాలింది. సగం కట్టిన గూట్లో ఆ పుల్లను పెట్టింది, తీసింది, ఇంకోవైపు దోపింది. ఆటో అబ్బాయి హారన్ కొడుతున్నా అత్తయ్య గట్టుమీంచి కదల్లేదు.