మొటిమలు మురికి వల్ల రావండీ

మొటిమలొస్తే అందరూ అనేది ఒకటే, మొహం సరిగ్గా కడుక్కోవట్లేదని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అసలు సంగతంతా చర్మం లోపల జరుగుతుంది... టీనేజ్‌లో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి నూనె గ్రంథులు ఎక్కువ నూనె వదుల్తాయి, చనిపోయిన చర్మకణాలు దాంతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి, లోపల బ్యాక్టీరియా పెరిగి ఎర్రగా వాచిపోతుంది. సబ్బేసి తెగ రుద్దితే ఇంకా మండుతుందే తప్ప తగ్గదు, రోజుకి 2 సార్లు మైల్డ్ క్లెన్సర్ చాలు.

మామూలు మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలిన్ అనే పైపూత మందులు బాగా పనిచేస్తాయి. అడాపలిన్ రాత్రిపూట, తడి లేని మొహానికి, బఠాణీ గింజంత తీసుకుని మొటిమలొచ్చే చోటంతా పల్చగా రాయాలి, ఒక్క మొటిమ మీద చుక్క పెట్టి వదిలేస్తే లాభం లేదు. మొదట్లో పొడిబారి పొట్టు లేస్తుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు, కానీ తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది (బెంజాయిల్ పెరాక్సైడ్‌కి దిండు గలీబుల రంగు పోతుంది, తెల్లవి వేసుకోండి). ప్రెగ్నెన్సీలో అడాపలిన్ వద్దు. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీములు మాత్రం దయచేసి రాయకండి, మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి.

లోతుగా గడ్డల్లా వచ్చి నొప్పి పెడుతున్నా, మచ్చలు పడుతున్నా ఆగకుండా డెర్మటాలజిస్ట్‌కి చూపించండి, ఎందుకంటే గుంటలు పడ్డాక పూడ్చడం చాలా కష్టం. ఐసోట్రెటినోయిన్ లాంటి మందులు వాళ్ల పర్యవేక్షణలోనే వాడాలి, గర్భంలో బిడ్డకి చాలా ప్రమాదం. పీరియడ్స్ కూడా సరిగ్గా రాకపోతే ఆ విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూస్తారు.