పదేళ్ల హైబ్రిడ్ కారు కొన్నాక రెండేళ్లలో నాకైన ఖర్చు

2022 ఆగస్టులో మేం రెండో కారు కొన్నాం. ఉండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. మా ఆవిడకి ప్లేనోలో ఉద్యోగం వచ్చింది, రానూపోనూ రోజుకి 48 మైళ్లు. అప్పటికున్న సెడాన్ గ్యాలన్‌కి 24 మైళ్లు మించి ఇచ్చేది కాదు. అందుకే పాత హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తోపాటు బ్యాటరీతో తిరిగే మోటారూ ఉన్న కారు) కోసం నెలరోజులు వెతికి, 1,18,000 మైళ్లు తిరిగిన 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్‌ని 8,200 డాలర్లకి తీసుకున్నాం. దాని మీద టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అదింకో 512.

తెనాలిలో మా నాన్నకి ఫోన్ చేసి చెబితే మొదట అడిగిన మాట, "బ్యాటరీ కారంటున్నావు, అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ ఎక్కడ పెడతావురా?" అని. దీనికి ప్లగ్ ఉండదు నాన్నా, బ్రేక్ వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు అదే నిండుతుంది, మనం పోసేది పెట్రోలే అని చెప్పాను. ఆయన వెంటనే, "మరి ఆ బ్యాటరీ పోతే?" అన్నారు. కొనే ముందు నేను వేసుకోవాల్సిన ప్రశ్న అది. నేను టైర్లు చూశాను, యాక్సిడెంట్ రిపోర్ట్ చూశాను, ఇంజిన్ చప్పుడు విన్నాను, కానీ మోటారుని నడిపే పెద్ద బ్యాటరీ సంగతి అడగనే లేదు. ఆ రోజుల్లో కంపెనీలు దానికి మామూలుగా ఇచ్చింది 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల వారంటీ (కాలిఫోర్నియాలోను, ఆ రూల్స్ పాటించే కొన్ని రాష్ట్రాల్లోను ఇంకా ఎక్కువ). మా బండికి ఆ రెండూ దాటిపోయాయి.

మొదటి ఇబ్బంది చిన్నదే. 2023 జనవరిలో ఒక చలి పొద్దున బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఆరిపోయాయి, కారు ఆన్ కాలేదు. ఇక పెద్ద బ్యాటరీ పోయినట్టే అని భయపడ్డాం. తీరా చూస్తే డిక్కీలో కుడి పక్కన మూత కింద ఉండే మామూలు 12 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. హైబ్రిడ్‌లో ఇంజిన్‌ని తిప్పేది పెద్ద బ్యాటరీయే కాబట్టి ఈ చిన్నది నీరసించినా మామూలు కారులోలాగా స్టార్టింగ్‌లో గొంతు మారదు, కంప్యూటర్లు లేవలేని రోజున ఒక్కసారిగా తెలుస్తుంది. 230 డాలర్లు. ఇలాంటి కారులో ఏ వింత వార్నింగ్ వచ్చినా ముందు మల్టీమీటర్‌తో దీన్ని చూడండి, రాత్రంతా ఆపి ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు, 12 లోపు ఉంటే అనుమానించాల్సిందే.

ఆ ఏడాది చివర్లో పొద్దున్నే ఇంజిన్ అందుకోగానే నాలుగైదు సెకన్లు కారు మొత్తం వణికేది, తర్వాత సర్దుకునేది. ఆఫీసులో ఒక కడప అన్న తనూ పాత హైబ్రిడే నడుపుతాడు. విషయం విని, "తమ్ముడూ, కూలంట్ తగ్గుతుందేమో చూడు, హెడ్ గ్యాస్కెట్ దాకా పోతే బండి ఖరీదులో సగం వదులుతుంది" అన్నాడు. కూలంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య లీకు కాకుండా ఆపే పలక. కూలంట్ గీత దగ్గరే ఉంది, అదృష్టం. గార్లండ్‌లో హైబ్రిడ్లు చూసే చిన్న గ్యారేజీకి తీసుకెళితే అక్కడి పెద్దాయన ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే భాగం) విప్పి నా చేతికిచ్చి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టమన్నాడు. పిడికిలంత ఉన్న ఆ లోహపు ముక్కలోంచి వెలుతురు అసలు రాలేదు, లోపలంతా తారులా నల్లటి మసి. సాయంత్రం మళ్లీ పట్టుకు చూపించాడు, ఈసారి తేనెపట్టులా సన్నటి గళ్లన్నీ కనబడ్డాయి. ఇంజిన్‌లోకి తిరిగి వెళ్లాల్సిన పొగ సరిగా వెళ్లకపోతే సిలిండర్లలో వేడి పెరిగి గ్యాస్కెట్ మీద పడుతుందని వివరించాడు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలతో (ఇన్‌టేక్ మానిఫోల్డ్) కలిపి శుభ్రం చేయడానికి 480 తీసుకున్నాడు. వణుకు పోయింది. లక్ష మైళ్లు దాటిన ఇలాంటి హైబ్రిడ్ కొంటే ముందు ఈ పని చేయించమని ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

ఇక అసలుది 2024 జులైలో వచ్చింది. బయట 105 డిగ్రీల ఫారెన్‌హీట్. అప్పటికి రెండు వారాలుగా వెనక సీటు పక్కనుంచి ఫ్యాన్ హోరు వినబడుతోంది, ఏసీ చప్పుడనుకున్నాం. ఒక సాయంత్రం ఫ్రీవే మీద ఎర్ర త్రికోణం వెలిగి, కారు బలం తగ్గిపోయి, మా ఆవిడ పాపతో సహా పక్కకి ఆపి నాకు ఫోన్ చేసింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. కడప అన్న స్కానర్ పెడితే పీ0ఏ80 అనే తప్పు కోడ్ వచ్చింది, పెద్ద బ్యాటరీ మార్చమని అర్థం. అందులో 28 మాడ్యూళ్లు, అంటే చిన్న చిన్న బ్యాటరీలు ఉంటాయి, స్కానర్‌లో అవి రెండేసి కలిపి 14 బ్లాకులుగా కనిపిస్తాయి. యాక్సిలరేటర్ తొక్కగానే పదమూడు బ్లాకులు 15 వోల్టుల దగ్గర నిలబడితే ఒక్కటి మాత్రం 13 లోపు పడిపోతోంది.

సీటు పక్కన బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఉంది. పాప దుప్పటి, బ్యాగు రెండేళ్లూ దానికి అడ్డంగానే పెట్టాం. మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద బూడిదరంగు నూగు దూదిలా పేరుకుని ఉంది. పదేళ్లు దాటిన బ్యాటరీ ఎప్పటికైనా పోయేదే, కానీ టెక్సస్ ఎండలో దానికి ఊపిరాడకుండా చేసింది మేమే.

మూడు చోట్ల ధర అడిగాను. డీలర్ 4,300 అన్నాడు. ఇంకొకరు వాడిన మాడ్యూళ్లతో 1,100కి బాగుచేస్తామన్నారు, కానీ ఒక్కటి మార్చినా మిగతా 27 అదే వయసువి, ఆర్నెల్లకే మరోటి పోవచ్చు. గార్లండ్ పెద్దాయన కొత్త ప్యాక్ 2,280, కూలీ 470 అన్నాడు. అదే చేయించాను. అది 200 వోల్టుల వ్యవహారం, బ్యాటరీ కరెంటుని తెంపే నారింజరంగు ప్లగ్ లాగి పది నిమిషాలు ఆగి, రబ్బరు గ్లవ్స్‌తోనే ముట్టుకున్నాడాయన. వీడియోలు చూసి ఇంట్లో చేద్దామనుకునేవాళ్లు దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

లెక్క ఇదీ. ఏడాదికి 12,000 మైళ్లకి సెడాన్ 500 గ్యాలన్లు తాగేది, ఇది 47 మైళ్ల చొప్పున 255. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే ఏడాదికి 735, రెండేళ్లకి 1,470 మిగిలింది. ఒక్క బ్యాటరీకే 2,750 పోయింది. అంటే పెట్రోల్లో మిగిలిన డబ్బు నాది కాదు, బ్యాటరీది. పదేళ్లు దాటిన బండికి పాత బ్యాటరీయే ఉంటే దాని ఖరీదు ధరలోంచి తగ్గించమని గట్టిగా అడగాలి, కుదరదంటే వదిలేయాలి. నేను అడిగి ఉంటే కనీసం వెయ్యి, పదిహేను వందలు తగ్గేది. బ్రేకులు మాత్రం చాలా ఊరట, మోటారే సగం పని చేస్తుంది కాబట్టి ప్యాడ్‌లు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

ఆగస్టు నెలాఖరుకి రిజిస్ట్రేషన్ గడువు. మా కౌంటీలో హైబ్రిడ్‌కీ ఎమిషన్ టెస్ట్ (పొగ పరీక్ష) తప్పదు. బ్యాటరీ మార్చిన మర్నాడే వెళితే, గ్యారేజీలో పాత తప్పు కోడ్లు చెరిపేశారు కాబట్టి కారు తన పరీక్షలు తను ఇంకా పూర్తి చేసుకోలేదని వెనక్కి పంపారు. నాలుగు రోజులు ఫ్రీవే మీదా ఊళ్లోనూ కలిపి తిప్పి మళ్లీ వెళ్లాను, పాసయింది. ఇప్పుడు మా ఆవిడే నెలకోసారి ఆ జాలీని వాక్యూమ్ పెట్టి శుభ్రం చేస్తుంది, పాప బ్యాగు ముందు సీట్లోకి మారింది.