టికెట్ లేని రైలు

లక్సెంబర్గ్ స్టేషన్లో టికెట్ మిషన్ కోసం పది నిమిషాలు వెతికాను. పక్కనున్న పెద్దావిడ నవ్వి, అక్కర్లేదంది. 2020 మార్చి నుంచి దేశమంతా బస్సు, ట్రామ్, రైలు ఉచితమే. రైల్లో ఫస్ట్ క్లాస్‌కి మాత్రం డబ్బు కట్టాలి. అయినా నాకు టెన్షనే. చిన్నప్పటి నుంచి టీసీ అంటే భయం మరి.

జనాభా 7 లక్షలు కూడా లేదు, అందులో దాదాపు సగం విదేశీయులే. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నుంచి ఇక్కడికి పనికొచ్చి పోయేవాళ్లు మరో 2 లక్షల పైమాటే! ఒకప్పుడు ఉక్కుతో బతికారు, ఇప్పుడు బ్యాంకులతో. బెల్వాల్ అనే చోట పాత బ్లాస్ట్ ఫర్నేసులను, అంటే ఇనుము తీసే పెద్ద కొలిముల్ని, అలాగే ఉంచి, పక్కనే యూనివర్సిటీ కట్టారు. తుప్పు రంగు గొట్టాల్ని చూస్తూ నిలబడి రైలు మిస్సయ్యాను. తర్వాతదెక్కాను. అదీ ఫ్రీయే.