తలకిందుల మనిషి

పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. మధ్యాహ్నం తీసిన ఆ టారో కార్డు, జోస్యం చెప్పే బొమ్మల కార్డు, కళ్లముందు నుంచి కదలడం లేదు.

భోజనాలయ్యాక వదిన చాప మీద మొత్తం 78 కార్డులూ పరిచి, "ఒకటి తియ్యి" అంది. తీశాను. పన్నెండో నంబరు. ఒంటికాలికి తాడు కట్టి చెట్టుకి తలకిందులుగా వేలాడదీసిన మనిషి. "చూశావా, ఓపిక పట్టమని వచ్చింది. త్యాగం చేస్తేనే ఫలితం" అంది, అందరి ముందూ. ఆ ఫైలు సంగతి తెలిసి కూడా అంది. నాలుగేళ్లుగా నేను చేస్తున్నదేమిటి మరి? తలకిందులుగా తపస్సు చేసినా ఆ సంతకం పడలేదు. ఇంకా ఎంత ఓపిక పట్టాలి? మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఒక్క మాట కూడా పైకి రాలేదు. అదే ఎక్కువ మండింది.

అసలు తలకిందులుగా వేలాడటం అంటే ఏమిటో నాకు తెలుసు. పెరట్లో జామచెట్టు కొమ్మకి మోకాళ్లు తగిలించి వేలాడేదాన్ని. కాసేపటికే మొహంలోకి రక్తం దిగి, చెవుల్లో హోరు మొదలయ్యేది. ఒకరోజు అమ్మ పుల్ల పట్టుకుని వచ్చింది. కొడుతుందనుకున్నా. నా జుట్టు మట్టిలో ఈడుస్తోందని పుల్ల పక్కన పడేసి, అలా వేలాడుతుండగానే ముడి వేసింది. అమ్మ చేతి గాజులు నా చెంపకి తగిలాయి. పసుపు వాసన. దిగమని కూడా అనలేదు.

ఈ బొమ్మలో మనిషి మొహం మాత్రం ప్రశాంతంగా ఉంటుంది, తల చుట్టూ కాంతివలయం. అది చూస్తేనే ఒళ్లు మండింది. పాత ఇటలీలో దీన్ని ద్రోహి కార్డు అనేవాళ్లట. ద్రోహుల్ని అలా తలకిందులుగా వేలాడదీసినట్టు బొమ్మ వేసి ఊరంతా చూసేలా పెట్టేవాళ్లు. అంటే అది శిక్ష. త్యాగమనే మాట తర్వాత వచ్చి చేరింది. కాంతివలయం ఉన్న ఈ బొమ్మ 1909లో లండన్‌లో వచ్చింది. గీసింది పమేలా కోల్మన్ స్మిత్. చాలా పెద్ద పని, డబ్బు మాత్రం చాలా తక్కువ అని ఆవిడే ఒక ఉత్తరంలో రాసుకుంది. 1951లో పోయేనాటికి అప్పులే మిగిలాయి. ఆవిడకీ ఎవరో ఓపిక పట్టమనే చెప్పి ఉంటారు.

కానీ ఇందాక ఫోన్‌లో బొమ్మ పెద్దది చేసి చూశాను. అతన్ని వేలాడదీసిన కొయ్యకి ఆకులున్నాయి, పచ్చిగా. కట్టింది ఒక్క కాలే. రెండోది మడిచి వెనక్కి పెట్టుకున్నాడు. దాన్ని ఎవరూ కట్టలేదు. ఇది వదిన చెప్పలేదు, నేనూ చూడలేదు.

అయినా వదిన అలా అందరి ముందు అనకుండా ఉండాల్సింది. సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. పొద్దున నేనే చేస్తా. ఫైలు కోసం ఎవరిని కలవాలో కూడా అడుగుతా.